క్రొత్త పని, మోయదగిన భారము

ధ్యాన భాగము: నిర్గమకాండము 18వ అధ్యాయము, 13 నుండి 27 వచనములు



మూడు నెలల క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరును ఇండ్లకు వెళ్లిన తరువాత మన సంఘపు బిడ్డ ఒకతె మందిరపు అరుగుమీద ఒంటరిగా కూర్చుండి యుండెను. ఆమె ఏ.ఎన్.ఎం. శిక్షణ ముగించి, ప్రభుత్వ ఉద్యోగమునకు ఎంపికయి, దూరపు గ్రామమందలి ఒక ఆరోగ్య ఉపకేంద్రములో చేరి అప్పటికి రెండు నెలలాయెను. ఆమె తండ్రి కూలిపని చేయువాడు. ఈ బిడ్డ చదువుకొరకు ఇంటనున్న రెండు పాడిగేదెలను అమ్మినవాడు. నియామకపు కాగితము వచ్చిన దినమున ఆ తల్లిదండ్రులు ఇంటింటికి బెల్లము పంచి, మందిరములో కృతజ్ఞత కానుక చెల్లించిరి.

"ఏమమ్మా, ఇంకా ఇంటికి పోలేదా?" అని అడిగితిని.

"అయ్యగారండీ, ఈ ఉద్యోగం నా వల్ల కాదండి. మానేస్తానని కాగితం రాసి సంచిలో పెట్టుకున్నాను. నాన్నకి ఎట్లా చెప్పాలో తెలియక ఇక్కడే కూర్చున్నాను" అనెను.

ఆమె ముఖము చూడగా ఉదయము నుండి ఏమియు తినలేదని తెలిసెను. ఇంటిలోనికి తీసికొని వెళ్లి, అన్నము పెట్టుమని నా భార్యతో చెప్పితిని. ఆమె తిన్న తరువాతనే మాటలు మొదలుపెట్టితిమి. ఆ మాటలనే ఈ నెల మీకందరికిని వ్రాయుచున్నాను. పేరు చెప్పక వ్రాయుదునని అడిగి, ఆమె ఒప్పుకొనిన మీదటనే వ్రాయుచున్నాను. ఏలయనగా క్రొత్త పని భయము ఆమె ఒక్కతెకే వచ్చినది కాదు. క్రొత్తగా బడిలో చేరిన పంతులుగారికి, పట్టణములో కంపెనీ పనికి వెళ్లిన కుమారునికి, క్రొత్తగా ఎన్నికయిన సంఘపెద్దకు, అత్తవారింట అడుగుపెట్టిన కోడలికి కూడ ఇది వచ్చును.

ఆమె కష్టము వినుడి. మైదాన ప్రాంతములో 5,000 మందికి, కొండ ప్రాంతములో 3,000 మందికి ఒక ఉపకేంద్రమని ప్రభుత్వపు లెక్క. గర్భిణీ స్త్రీల పేర్లు వ్రాయవలెను. వారికి నెల నెలా పరీక్షలు చేయవలెను. పసిబిడ్డలకు టీకాలు వేయవలెను. పెద్దవారికి రక్తపోటు, చక్కెర చూడవలెను. క్షయరోగులు మాత్రలు మ్రింగుచున్నారో లేదో విచారింపవలెను. పగలు చేసిన పనినంతటిని రిజిస్టరులో వ్రాసి, మరల ఫోనులో ఎక్కింపవలెను. ఆమె రాత్రి ఒంటిగంట వరకు ఎక్కించుచుండెను. ఊరిలోనివారు, "పాత నర్సమ్మయితే ఇట్లా చేసేది కాదు" అనుచుండిరి. నెలవారీ సమావేశములో పై అధికారి అందరి యెదుట కోపపడెను.

"అవన్నీ ఎట్లాగో పడతానండి. కానీ పసిపిల్లకి సూది వేసేటప్పుడు చెయ్యి వణుకుతోంది. నిద్ర లేక కళ్లు మూతలు పడతాయి. ఏదైనా తప్పు జరిగితే ఆ తల్లికి నేనేం చెప్పాలండి?" అని ఏడ్చెను.

ప్రియులారా, ఇది సోమరియైన బిడ్డ మాట కాదు. తన పనికి భయపడువారే దానిని గౌరవించువారు. అయినను ఆ భయముతోను ఆ భారముతోను ఆమె ఎక్కువ కాలము నిలువజాలదు. మోషే జీవితములోని రెండు ప్రశ్నలను ఆమె యెదుట పెట్టితిని. మొదటిది మోషే దేవుని అడిగినది. రెండవది మోషేను అతని మామ అడిగినది.

మొదటి ప్రశ్న: నేనెంతటివాడను?

మోషే నలువది సంవత్సరములు మిద్యాను దేశములో గొఱ్ఱెలు మేపెను. ఫరోతో మాటలాడునప్పటికి అతనికి ఎనుబది ఏండ్లు. ఆ వయస్సులో అతనికి క్రొత్త పని వచ్చెను. మండుచున్న పొదయొద్ద దేవుడు పిలువగా అతడు సంతోషముతో బయలుదేరలేదు. ఫరో యొద్దకు వెళ్లుటకు నేనెంతటివాడనని అడిగెను. నీ పేరేమని చెప్పవలెననెను. ప్రజలు నన్ను నమ్మరనెను. నా నోరు మాంద్యము గలదనెను. తుదకు మరి యెవరినైనను పంపుమని వేడుకొనెను. గొప్ప ప్రవక్తయే ఇన్నిమార్లు వెనుకకు తగ్గినయెడల, క్రొత్తగా ఉద్యోగములో చేరిన మనము జంకుట వింత కాదు.

అయితే దేవుడు ఏమని జవాబిచ్చెనో గమనింపుడి. నీవు చాల సమర్థుడవు, నీకు సాటి లేరు అని ఆయన మోషేను పొగడలేదు. నీవు పనికిరానివాడవని కొట్టివేయనులేదు. నేను నీకు తోడైయుందునని చెప్పెను. మోషే తన్ను గూర్చి అడుగగా దేవుడు తన్ను గూర్చి జవాబిచ్చెను. మన ధైర్యమునకు ఆధారము అక్కడ నున్నది. ధైర్యమనగా నాకంతయు తెలియునని అనుకొనుట కాదు. నాకు తెలియనిది చాల ఉన్నను, నన్ను ఇక్కడికి తెచ్చినవాడు నన్ను విడువలేదని నమ్మి ఈ దినపు పనికి చేయి చాపుటయే ధైర్యము.

మరియు దేవుడు, నీ చేతిలోనిది ఏమిటని మోషేను అడిగెను. అది గొఱ్ఱెల కాపరి కఱ్ఱ. అతనికి బాగుగా అలవాటైన వస్తువు. క్రొత్త పనికి దేవుడు పాత కఱ్ఱనే వాడుకొనెను. నేను ఆ బిడ్డను, "నీ చేతిలో ఏమున్నదమ్మా?" అని అడిగితిని. కొంతసేపు ఆలోచించి, "పిల్లల్ని ఎత్తుకోవడం వచ్చండి. నలుగురు తమ్ముళ్లని నేనే పెంచాను" అనెను. ఆ మాట చెప్పునప్పుడు ఆమె ముఖములో మొదటిసారి తెలివి వచ్చెను. సూది వేయుట శిక్షణలో నేర్చుకొనెను. బిడ్డను ఒడిలో నిలుపుకొనుట ఇంటిలోనే నేర్చుకొనియుండెను. మీలో ప్రతివారికిని అట్టి కఱ్ఱ ఒకటి ఉన్నది. దానిని తక్కువగా ఎంచకుడి.

రెండవ ప్రశ్న: నీవొక్కడవే ఎందుకు?

ఇప్పుడు పదునెనిమిదవ అధ్యాయమునకు రండి. సముద్రము దాటిరి. మన్నా దొరికెను. అమాలేకీయులు ఓడిరి. మోషేకు ఇప్పుడు ధైర్యము వచ్చెను. కాని మరియొక చిక్కు వచ్చెను. ఉదయము మొదలు సాయంకాలము వరకు అతడొక్కడే కూర్చుండి ప్రజల తగవులన్నిటిని తీర్చుచుండెను. ప్రజలు అతని చుట్టు నిలిచియుండిరి. మామయైన యిత్రో చూడవచ్చి ఒక దినమంతయు గమనించెను. పిమ్మట, నీవొక్కడవే ఎందుకు ఈ పని చేయుచున్నావని అడిగెను. ఇది మంచిది కాదు, నీవును నలుగుదువు, నీతోనున్న ప్రజలును నలుగుదురు, ఇది నీకు మించిన భారమని ఆ పెద్దాయన సూటిగా చెప్పెను.

మొదట మోషే, ఈ పని నా వలన కాదనెను. తరువాత, ఇది నా వలననే కావలెనని కూర్చుండెను. ఈ రెండును వేరువేరుగా కనబడును గాని రెంటిలోను మనుష్యుడు చూచునది తన్నే.

ఈ సంగతి నేను ఊరక చెప్పుట లేదు. సెమినరీ చదువు ముగించి మొదటి పాస్టరేటుకు వెళ్లినప్పుడు నాకు ఇరువది యెనిమిది ఏండ్లు. పదకొండు గ్రామములు నాకు అప్పగింపబడెను. గ్రామస్థులు నన్ను చిన్నవాడని అనుకొందురేమో యని భయపడి ప్రతి పనియు నేనే చేసితిని. కానుకల లెక్క నేనే వ్రాసితిని. గంట కూడ నేనే కొట్టితిని. మందిరపు తాళపుచెవి ఇంకొకరి చేతికి ఇయ్యలేదు. దూరపు పల్లెలో ఒక ముసలి విధవరాలు జబ్బుగా నుండి, ప్రభు సంస్కారము కావలెనని రెండుమార్లు కబురు పంపెను. శనివారములోగా లెక్కలు పంపవలెను, సోమవారము వచ్చెదనని చెప్పి పంపితిని. శనివారము రాత్రి ఆ అవ్వ ప్రభువునందు నిద్రించెను.

సమాధి చేసి తిరిగి వచ్చుచుండగా ఆ సంఘపు పెద్ద, పదవి విరమించిన పంతులుగారు, చెఱువు గట్టుమీద నన్ను ఆపి మెల్లగా ఇట్లనెను: "అయ్యగారూ, లెక్కలు రాయడం నాకు ముప్పై ఏళ్లుగా అలవాటే. నాకిస్తే నేను రాసేవాణ్ణి. అవ్వకి రొట్టె విరిచి ఇవ్వడం మాత్రం నేను చెయ్యలేను కదండీ. అది మీ పని."

ఆయన కోపపడలేదు. అందుచేతనే ఆ మాట ఇప్పటికిని నా మనస్సులో నున్నది. ఆ వారము నేను పగలు రాత్రి కష్టపడితిని. అయినను నేను చేయవలసిన పని చేయలేదు. ఇతరులు చేయగల పనులతో చేతులు నింపుకొని, నేనే చేయవలసిన దానిని జారవిడిచితిని. ఆ గట్టుమీద నాకు యిత్రో దొరికెను.

యిత్రో చెప్పిన ఆలోచన

యిత్రో మోషేను పని మానుకొమ్మని చెప్పలేదు. మూడు సంగతులు చెప్పెను.

మొదటిది, నీ పని ఏదో తెలిసికొనుము. ప్రజల పక్షముగా దేవుని యెదుట నిలుచుట, వారికి మార్గము తెలుపుట మోషే పని. దానిని విడువరాదు. ఈ బిడ్డతో, "నీవు తప్ప వేరెవరును చేయరాని పని ఏది?" అని అడిగితిని. సూది వేయుట, గర్భిణిని పరీక్షించుట అని చెప్పెను. అయితే ఆ పని చేయు ఉదయమునకు ముందు రాత్రి ఒంటిగంట వరకు మేలుకొనుట మంచిది కాదు. పసిబిడ్డను నీ చేతికిచ్చు తల్లికి నీవు చేయగల మొదటి మేలు నిద్రపోవుటయే అని చెప్పితిని.

రెండవది, తగినవారిని చూచి పంచుకొనుము. వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమింపుమని యిత్రో చెప్పెను. వారు దేవునికి భయపడువారును, సత్యవంతులును, లంచమును అసహ్యించుకొనువారునై యుండవలెననెను. మన గ్రామములలో 2005 తరువాత సుమారు వెయ్యిమందికి ఒక ఆశా కార్యకర్త చొప్పున వచ్చిరి. ఆమె ఆ ఊరి కోడలు. ఏ ఇంట గర్భిణి ఉన్నదో, ఏ బిడ్డకు టీకా తప్పినదో ఆమెకు తెలియును. ఆ బిడ్డ రెండు నెలలు ఆశా కార్యకర్తలను ఏమియు అడుగలేదట. ఎందుకనగా, "నాకు తెలియదని అనుకుంటారేమో" అని. ప్రియులారా, క్రొత్తవాడు అడుగుట సిగ్గు కాదు. మొదటి నెలలో అడిగిన ప్రశ్నకు జనులు ఆనందముగా జవాబిత్తురు. సంవత్సరము గడచిన తరువాత అడిగిన, ఇన్నాళ్లు ఏమి చేసితివందురు. కావున తొందరగా అడుగుడి, చెప్పినదానిని పుస్తకములో వ్రాసికొనుడి.

మూడవది, చిన్న సంగతిని పెద్ద సంగతిని వేరుచేయుము. చిన్న తగవులు అధిపతులు తీర్చవలెను, కఠినమైనవి మోషే యొద్దకు రావలెను. ఉదయమున ప్రార్థన చేసి లేచునప్పుడు ఆ దినపు పనులను ఒక కాగితముమీద వ్రాయుడి. ఈ దినమే కావలసినవి పైన, రేపటికి ఆగగలవి క్రింద పెట్టుడి. ఏ పనికి ఆ పని అయిన వెంటనే అక్కడనే వ్రాసి ముగింపుడి. రాత్రికి కుప్ప వేయకుడి. మన్నాను గుర్తు తెచ్చుకొనుడి. ఏ దినపుది ఆ దినమే కూర్చుకొనుమని ఆజ్ఞ. ఆజ్ఞ మీరి మరునాటికి దాచుకొనినది పురుగుపట్టి కంపుకొట్టెను. విశ్రాంతి దినమునకు దాచినది మాత్రము చెడలేదు. రేపటి చింతను ఈ రాత్రి మోసినయెడల అది మనకు ఆహారము కాదు. దేవుడు నియమించిన విశ్రాంతిని తీసికొనినయెడల పని చెడిపోదు.

ఫరో పెట్టిన భారము

ఇక్కడ ఒక మాట చెప్పకపోయినయెడల అన్యాయమగును. ప్రతి భారమును దేవుడు పెట్టినది కాదు. ఐదవ అధ్యాయములో ఫరో గడ్డి ఇయ్యడము మాని, ఇటుకల లెక్క మాత్రము తగ్గరాదనెను. నేడును కొన్నిచోట్ల ముగ్గురి పని ఒకరిమీద వేసి, కావలసిన సరంజామా ఇయ్యక, పని కాలేదని నిందించుట కలదు. అట్టిచోట లోపము క్రొత్తవానిది కాదు. నేను చేతకానివాడనని వాడు తన్ను తాను నిందించుకొనరాదు. ఇశ్రాయేలీయుల నాయకులు ఫరో యొద్దకు వెళ్లి తమ కష్టము చెప్పుకొనిరి. పై అధికారితో మర్యాదగా, సమయమునకు ముందే, ఇంత పని ఉన్నది, ఇంత అయినది, ఇంత మిగిలినదని లెక్కతో చెప్పుట పాపము కాదు. చేయని పనిని చేసినట్లు వ్రాయుటయే పాపము. ఆ నాయకుల మొఱ ఫరో వినలేదు, వారిని సోమరులనెను. మనుష్యుడు వినకపోవచ్చును. అయినను దేవుడు వినెను.

దోర్నకలులో జరిగిన పని

మన తెలుగు దేశములోనే దేవుడు ఈ పాఠమును ఒకసారి పెద్ద అక్షరములతో వ్రాసెను. 1909లో తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడొకడు మిషనరీగా దోర్నకలు వచ్చెను. ఆయనే వేదనాయకం శామ్యూల్ అజరయ్య. మన భాష ఆయనకు రాదు. వచ్చి నేర్చుకొనెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకింపబడెను. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషపు అగుట అదే మొదలు. ఆయనకు ముందు ఆ దారిన నడిచిన భారతీయుడు లేడు. ఒక భారతీయుడు ఈ పని చేయగలడా అని సందేహించినవారును ఉండిరి. అప్పటికి ఆయనకు ముప్పది యెనిమిది ఏండ్లు.

పల్లెపల్లెకు జనులు గుంపులుగా సంఘములో చేరుచుండిరి. ఒక్క మనుష్యుడు అన్ని పల్లెలు తిరుగలేడు. ఆయన గ్రామ ఉపదేశకులను, వారి భార్యలను కూడ తరిఫీదు చేయించి పల్లెలలో నిలిపెను. బాప్తిస్మము పొందిన ప్రతివానిని తన తలమీద తానే చేయి పెట్టుకొని, సువార్త ప్రకటించుట తన బాధ్యతయని పలుకుమనెడివాడు. అక్షరము రాని కూలివాడు కూడ ఆ మాట పలికెను. ఆ కూలివాడు సంఘమునకు భారము కాదు, భారము పంచుకొను భుజమని ఆయన చూచెను. 1945 జనవరి 1న మరణించు వరకు ముప్పది రెండు సంవత్సరములు ఆయన ఆ పనిలో నిలిచెను. ఆ సేవ అన్ని సంవత్సరములు నిలుచుటకు ఒంటరిగా మోయకపోవుట ఒక కారణము.

సంఘమునకు ఒక మాట

ఇంతవరకు క్రొత్త ఉద్యోగస్థులతో మాటలాడితిని. ఇప్పుడు ఇంటనున్న మీతో మాటలాడుచున్నాను. మన పల్లెలో ఒక బిడ్డకు ఉద్యోగము రాగానే మనమేమి చేయుదుము? మొదటి జీతము రాకమునుపే అప్పు అడుగుదుము. మా వాడికి కూడ పని చూడుమందుము. ఆదివారపు బడి నీవే చూడవలెను, క్రిస్మసు ఏర్పాట్లు నీవే చేయవలెనందుము. సంతోషపడి బెల్లము తిన్న నోటితోనే బరువు మీద బరువు పెట్టుదుము. తరువాత ఆ బిడ్డ నలిగిపోయినప్పుడు, చదువుకొన్నది గాని ధైర్యము లేదందుము.

హోరేబుకు వెళ్లు త్రోవలో ఏలీయా చెట్టుక్రింద పడి చావు కోరుకొనినప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, దూతచేత రొట్టె, నీళ్లు ఇప్పించి, మరల నిద్రపోనిచ్చి, పిమ్మట మాటలాడెను. మీ ఇంట క్రొత్త పనిలో చేరినవారు ఉన్నయెడల సలహాకు ముందు అన్నము పెట్టుడి. రాత్రి వేళ పిలిచి ఊరి కబుర్లు చెప్పకుడి. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోనును హూరును వాటిని పట్టుకొనిరి. వారు యుద్ధము చేయలేదు, మోషే పని వారు చేయలేదు. అతని చేతులు మాత్రము దిగిపోకుండ చూచిరి. అది మన పని.

మన ప్రభువు సయితము ఇట్లే నడిచెను. కపెర్నహూములో ఆయన చాల ప్రొద్దుననే లేచి ఒంటరిగా ప్రార్థన చేసికొనుచుండగా, అందరు నిన్ను వెదకుచున్నారని శిష్యులు వచ్చి చెప్పిరి. వెదకినవారందరి యొద్దకు ఆయన తిరిగి వెళ్లలేదు. తాను వచ్చిన పని నిమిత్తము ఇతర గ్రామములకు బయలుదేరెను. దేవుని కుమారుడే ఆ దినమున ఆ ఊరివారి కోరికలన్నియు తీర్చక తండ్రి ఇచ్చిన పని చేసెను. అన్నియు చేసితీరవలెనని మనమెందుకు పట్టుపట్టవలెను?

ఆ బిడ్డ సంగతి చెప్పి ముగించెదను. ఆ సాయంకాలము ఆమె కాగితము చింపివేయలేదు. నేనును చింపుమనలేదు. ఒక నెల ఆగి చూడుమంటిని. ఆమె తిరిగి వెళ్లి ప్రక్క ఉపకేంద్రములోని పెద్ద నర్సమ్మను అడిగి, రెండు టీకా దినములు ఆమె ప్రక్కన నిలిచి చూచి వచ్చెను. ఆశా కార్యకర్తలతో వారమునకొకసారి కూర్చుండి పేర్లు సరిచూచుకొనుచున్నది. అధికారితో మిగిలిన లెక్క ముందే చెప్పెను. ఆయన ఇంకను అప్పుడప్పుడు కోపపడునట. రాత్రి పదిగంటలకు దీపమార్పి పడుకొనుచున్నది. మొన్న ఆదివారము ఆ కాగితము తెచ్చి నాకు చూపెను. దాని వెనుకవైపున సోమవారపు పనులు వరుసగా వ్రాసికొని యుండెను.

"చెయ్యి వణకడం తగ్గిందా అమ్మా?" అని అడిగితిని.

"అప్పుడప్పుడు వణుకుతుందండి. బిడ్డని ముందు కాసేపు ఎత్తుకుంటాను. తగ్గాక వేస్తాను" అనెను.

ప్రార్థన: ప్రభువా, క్రొత్త పనిలో అడుగుపెట్టిన మా బిడ్డలకు తోడైయుండుము. వారి చేతిలో నీవు పెట్టినదానిని వారికి చూపుము. వారి పనిని వారికి తెలుపుము. వారిది కాని భారమును దించుకొను వినయమును, నిజము చెప్పు ధైర్యమును, రాత్రి నిద్రను దయచేయుము. వారి చేతులను పట్టుకొనువారినిగా మమ్మును చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.